లెక్కలు చదివి మనసులు కొలుస్తానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివి, ఇప్పుడు అనంతపురంలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నా. క్లాసులో ఫ్యాక్టర్ అనాలిసిస్ (చాలా ప్రశ్నల జవాబుల వెనక దాగిన కొన్ని గుణాలను వెతికే లెక్క) చెప్పినప్పటి నుంచి సైకోమెట్రిక్స్, అంటే మనసునూ తెలివినీ కొలిచే శాస్త్రం మీద మనసు పడింది, ఆ పని నేర్పే క్వాంటిటేటివ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా నాయన బంగారం అంగట్లో గుమాస్తా. అమ్మేమో ‘పిచ్చి డాక్టరు చదువా’ అంటోంది. డల్లాస్‌లో ఉన్న మా మామ 40 లక్షలు లోన్ తీసుకుని డేటా సైన్స్ ఎమ్మెస్‌కు రమ్మంటున్నాడు. సైకాలజీ ఒక్క పేపర్ కూడా చదవని నన్ను తీసుకుంటారా? డబ్బు ఎంత కావాలి? ఇండియాలోనే చేస్తే చాలదా? ఐదేళ్ళ చదువు అంటే పెళ్ళి మాట ఎత్తుతారు, ఇంట్లో ఇప్పుడే చెప్పాలా, అడ్మిషన్ వచ్చాక చెప్పాలా?

సమాధానం:

పాపా, డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం, మీ ఇంట్లో నడిచే గొడవలో సగం దాని చుట్టూనే ఉంది. ఎమ్మెస్‌కు నువ్వు ఫీజు కట్టాలి, పీహెచ్‌డీకి వాళ్ళే నీకు డబ్బులిస్తారు. మీ మామ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నాడు. అమెరికాలో ఈ సబ్జెక్టులో మంచి పీహెచ్‌డీ ప్రోగ్రాంలో చేరితే మామూలుగా ట్యూషన్ ఫీజు మాఫీ చేస్తారు, పైన నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, అందుకు బదులుగా నువ్వు వారానికి సుమారు 20 గంటలు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ల్యాబ్ చెప్పడమో, ప్రొఫెసర్ ప్రాజెక్టులో డేటా పని చూడడమో చేయాలి. ఆ డబ్బుతో ఇంకొకరితో గది పంచుకుని, ఇంట్లో వండుకుని తింటే నెల గడుస్తుంది. ఇంటికి పంపేంత మిగలదు, ఆ ఆశ ఎవరికీ పెట్టకు.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చదువు: వేసవి నెలలకు స్టైపెండ్ ఉందా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ట్యూషన్ కాకుండా యూనివర్సిటీ వేసే చిల్లర ఫీజులు ఎంత, ఫండింగ్ ఎన్నేళ్ళకు హామీ ఇస్తున్నారు. అడ్మిషన్ ఇస్తాం కానీ ఫండింగ్ లేదు అన్నారంటే, ఆ యూనివర్సిటీ పేరు ఎంత పెద్దదైనా సరే, రానని రాసెయ్. ఇందులో నాకు రెండో మాట లేదు. నువ్వు చేతి నుంచి పెట్టుకోవాల్సింది అప్లికేషన్ ఫీజులు (ఒక్కోచోట సుమారు 50 నుంచి 100 డాలర్లు, అడిగితే కొందరు మాఫీ చేస్తారు), ఇంగ్లీషు పరీక్ష, వీసా ఖర్చులు, ఫ్లైట్ టికెట్, గది అడ్వాన్సు, మొదటి స్టైపెండ్ పడేదాకా తిండి ఖర్చు. అది చిన్న మొత్తమేమీ కాదు, గుమాస్తా జీతం మీద నడిచే ఇంటికి బరువే. కానీ దానికీ 40 లక్షలకూ పోలిక లేదు.

ఇక సైకాలజీ చదవని నన్ను తీసుకుంటారా అన్నావు. తీసుకుంటారు, సంతోషంగా తీసుకుంటారు. ఈ రంగాన్ని నిలబెట్టినవాళ్ళలో బయటి నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. అమెరికా సైకాలజిస్టు థర్‌స్టన్ మొదట ఇంజనీరింగ్ చదివి కొన్నాళ్ళు ఎడిసన్ దగ్గర పనిచేసినవాడు, తర్వాత 1935లో సైకోమెట్రిక్ సొసైటీ పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ప్రశ్న కష్టాన్నీ, రాసేవాళ్ళ స్థాయినీ ఒకే కొలబద్ద మీద పెట్టే రాష్ మోడల్ అని నువ్వు ముందు ముందు రోజూ వింటావు, దాని తాలూకు గియార్గ్ రాష్ డెన్మార్క్‌లో గణితంలో డాక్టరేట్ చేసినాయన. అంతదూరం ఎందుకు, మన స్టాటిస్టిక్స్ దిగ్గజం సి.ఆర్.రావు గారు ఉన్నారు కదా. ఒకప్పటి దత్తమండలాల్లో భాగమైన బళ్ళారి జిల్లా హడగలిలో 1920లో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆ మనిషి 1955లో సైకోమెట్రికా పత్రికలో ఫ్యాక్టర్ అనాలిసిస్ మీద పేపర్ రాశారు. ఈ రంగంలో మోడల్ డేటాకు సరిగ్గా కూర్చోనప్పుడు ఎక్కడ సవరించాలో చూపించే మాడిఫికేషన్ ఇండెక్స్ అనే లెక్క ఒకటుంది, దాని వేరు 1948లో ఆయన ఇచ్చిన స్కోర్ టెస్టులోనే ఉంది. నువ్వు ఇన్ఫరెన్స్ పేపర్‌లో ఆ స్కోర్ టెస్టు చదివే ఉంటావు, ఇందుకు పనికొస్తుందని ఎవరూ చెప్పి ఉండరు.

అందుకని భయం ఆ వైపు పెట్టుకోకు. అమెరికాలో సైకాలజీ విభాగాల్లో ఈ ప్రోగ్రాంకు వచ్చే పిల్లలకు సాధారణంగా లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ దగ్గరే కష్టం. నీకు అవి వచ్చు. నీకు లేనిది వేరే. అది చెప్పాలంటే అసలు ఈ చదువు ఏం చేస్తుందో చెప్పాలి.

మీ నాయనకు ఇట్లా చెప్పు. అంగట్లో త్రాసు మీద ఒకే గొలుసును పదిసార్లు పెడితే పదిసార్లూ అదే బరువు చూపిస్తుంది, అంటే త్రాసు నమ్మకమైనది. అయినా ఆ గొలుసు ఎన్ని క్యారెట్లో త్రాసు చెప్పలేదు, దానికి గీటురాయి వేరే కావాలి. మన పరీక్షలు, సర్వేలు, మనస్తత్వ ప్రశ్నావళులు చాలావరకు బరువు చూపించి క్యారెట్లు చెప్పామంటున్నాయి. ఆ తేడా పట్టుకునే పని ఈ చదువుది. మీ నాయనకు ఇది నీకంటే ముందు అర్థమవుతుంది, చూడు.

అమ్మకు మాత్రం ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి: ఇది వైద్యం కాదు. ఈ పీహెచ్‌డీ చేస్తే నువ్వు రోగిని చూడవు, కౌన్సెలింగ్ ఇవ్వవు, ఇచ్చే అర్హత కూడా రాదు, దానికి క్లినికల్ సైకాలజీ అని వేరే దారి ఉంది. నీకు నిజంగా మనుషుల బాధ విని సాయం చేయాలని ఉండి, స్టాటిస్టిక్స్ వచ్చు కదా అని ఇటు వస్తుంటే ఇప్పుడే ఆగు. ఇక్కడికి వచ్చాక రోజంతా చూసేది స్క్రీన్ మీద సున్నాలు, ఒకట్లు.

ఒక ఉదాహరణ తీసుకుందాం, నీకు ఈ పని మీద నిజంగా ఆసక్తి ఉందో లేదో దీంతోనే తెలిసిపోతుంది. డిప్రెషన్ ఉందేమో చూడడానికి ప్రపంచమంతా వాడే చిన్న ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇట్లా అనిపించింది అని అడుగుతారు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి అని ఒక గీత. అందులో ఒక ప్రశ్న అలసట గురించి, ఒకటి నిద్ర గురించి, ఒకటి ఆకలి గురించి. ఇప్పుడు దీన్ని తెలుగులో పెట్టి ధర్మవరం దగ్గర పొద్దున ఆరింటి నుంచి శనక్కాయలు పీకే కూలి ఆమెను అడిగావనుకో. అలసటగా ఉంటోందా అంటే ‘రోజూ’ అంటుంది, ఎందుకనదు? మూడు మార్కులు పడతాయి. నిద్ర సరిగ్గా పట్టడం లేదా అంటే కరెంటు పోతుంది, దోమలు, పట్టదు అంటుంది, ఇంకో రెండు. అదే అనంతపురం టౌన్‌లో ఫ్యాను కింద కూర్చుని పనిచేసే ఆమెకు అవే మార్కులు రావాలంటే మనసులో నిజంగా దిగులు ఉండాలి. ఇద్దరికీ ఒకే స్కోరు, ఇద్దరిలో ఉన్నది ఒకటేనా?

ఇది తేల్చడానికి ఏం చేస్తారంటే, మిగతా ప్రశ్నల ప్రకారం దిగులు ఒకే స్థాయిలో ఉన్న కూలి ఆడవాళ్ళనూ టౌన్ ఆడవాళ్ళనూ పక్కపక్కన పెట్టి, అలసట ప్రశ్నకు వాళ్ళ జవాబులు వేరుగా వస్తున్నాయా అని చూస్తారు. దిగులు సమానమే అయినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర తేడా వస్తే ఆ ప్రశ్న ఒక గుంపు వైపు ఒరిగి ఉందన్నమాట, దీన్ని డిఫరెన్షియల్ ఐటం ఫంక్షనింగ్ అంటారు. వినడానికి సులువుగా ఉంది కదా, ఇప్పుడు అసలు చిక్కు చూడు: మిగతా ప్రశ్నల ప్రకారం సమానం అన్నాం, ఆ మిగతా ప్రశ్నలు కూడా ఒరిగి ఉంటే? దేన్ని ఆధారం పట్టుకుని దేన్ని సరిచూడాలి? తొమ్మిదీ ఒకే వైపు ఒరిగి ఉంటే లెక్కకు అసలు దొరుకుతుందా? ఈ ప్రశ్న చదివి నీకు ‘అబ్బా, ఇదేం తలనొప్పి’ అనిపిస్తే డేటా సైన్స్‌కు పో, అందులో తప్పేమీ లేదు, మీ మామ సంతోషిస్తాడు. రాత్రికి కూడా ఇది బుర్రలో తిరుగుతూ ఉంటే మాత్రం నువ్వు ఈ చదువుకు సరిపోతావు. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళు చాలామంది, మనుషులంటే ఆసక్తి ఉన్నవాళ్ళు ఇంకా చాలామంది. ఒక స్కోరును చూసి ఇది చెప్పేది నిజమేనా అని ఊరుకోలేనివాళ్ళే తక్కువ.

నీ చుట్టూ ఇదే పని జరుగుతోంది, గమనించి ఉండవు. మీ వీధిలో బీఎస్సీ నర్సింగ్ చేసి అమెరికా పోవడానికి ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సుల లైసెన్సు పరీక్ష) రాసిన అమ్మాయి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఒకరికి 85 ప్రశ్నలకే కంప్యూటర్ ఆగిపోతుంది, ఇంకొకరికి 150 దాకా పోతుంది, ఇద్దరూ పాస్ కావచ్చు, ఇద్దరూ ఫెయిల్ కావచ్చు, బయటికొచ్చి టెన్షన్‌తో చస్తుంటారు. ఆ యంత్రం ప్రతి జవాబు తర్వాతా ఈమె స్థాయి ఎంత ఉండవచ్చో మళ్ళీ లెక్క కట్టి, దానికి తగిన ప్రశ్న వేస్తుంది, పాస్ గీతకు పైన ఉందో కింద ఉందో 95 శాతం నమ్మకంగా తేలిందనుకున్నప్పుడు ఆపేస్తుంది. ఆ ఆపే నియమం రాసేది సైకోమెట్రీషియన్లే.

ఇంకొకటి, ఈఏపీసెట్ నార్మలైజేషన్. 2022లో ఆ పరీక్ష నడిపింది నువ్వు చదివే అనంతపురంలోని జేఎన్‌టీయూనే. పొద్దున షిఫ్టు పేపర్ కష్టం, మధ్యాహ్నం షిఫ్టు సులువు, ఇద్దరి మార్కులను ఒకే వరుసలో ఎట్లా పెట్టాలి? జేఈఈ మెయిన్‌లో అయితే ఒక్కో షిఫ్టులో నీకంటే తక్కువ, నీతో సమానం వచ్చినవాళ్ళు ఎంత శాతమో అదే నీ పర్సంటైల్, వాటిని కలిపి ర్యాంకు ఇస్తారు. ఇందులో చెప్పకుండా మింగేసిన ఊహ ఒకటుంది: అన్ని షిఫ్టుల్లోనూ పిల్లల స్థాయి సమానం అని. షిఫ్టులకు పిల్లలను ఎట్లా పంచారన్న దాని మీదే అది నిలబడుతుంది. రెండు షిఫ్టుల్లోనూ కొన్ని ప్రశ్నలు ఒకటే పెట్టి, వాటిని ఆధారంగా తీసుకుని సరిచేసే పద్ధతి వేరే ఉంది, దానికి ప్రశ్నలు బయటికి పొక్కకుండా దాచుకోవాలి, మన దగ్గర పరీక్ష అయిన గంటకే పేపర్ మొత్తం కీతో సహా వాట్సాప్‌లో తిరుగుతుంది. ఏది మేలు అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు, అందుకే దీని మీద పీహెచ్‌డీలు వస్తున్నాయి.

ఇప్పుడు నీకు లేనిదేంటో చెప్తా. నువ్వు డేటా వచ్చాక ఏం చేయాలో నేర్చుకున్నావు, ఆ డేటా ఎట్లా పుట్టిందో నేర్చుకోలేదు. స్టాటిస్టిక్స్ విభాగాల్లో డేటా ఎక్స్ అనే పేరుతో ముందే ఇచ్చేసి ఉంటుంది, అది ఎక్కడిదని ఎవరూ అడగరు. ఇది నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనే సరిదిద్దుకోవచ్చు. ఫైనల్ సెమిస్టర్‌లో మామూలుగా ఏదో వర్షపాతం డేటా మీద టైమ్ సిరీస్ చేసి బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు కదా, నువ్వు అట్లా చేయకు. తెలిసిన జూనియర్ కాలేజీలోనో డిగ్రీ కాలేజీలోనో ఏదైనా ఒక మల్టిపుల్ చాయిస్ పరీక్షకు పిల్లల జవాబులు, పేర్లూ హాల్ టికెట్ నంబర్లూ తీసేసి, రాతపూర్వక అనుమతితో తెచ్చుకో. మూడు నాలుగు వందల మందివి దొరికితే పని మొదలుపెట్టొచ్చు, ఇంకా ఎక్కువ దొరికితే ఇంకా మంచిది. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో మిర్ట్, లవాన్, సైక్ అనే ప్యాకేజీలూ ఉచితమే. ఒక్కో ప్రశ్న ఎంత కష్టం, తెలిసినవాడినీ తెలియనివాడినీ ఎంత బాగా విడదీస్తోంది, తెలుగు మీడియం ఆడపిల్లలకూ ఇంగ్లీషు మీడియం ఆడపిల్లలకూ ఏ ప్రశ్న దగ్గర తేడా వస్తోంది, ఇవి చూడు. తర్వాత అన్నిటికన్నా ముఖ్యమైన పని, కంప్యూటర్ మూసి, తేడా వచ్చిన ప్రశ్నను పట్టుకుని ఆ పిల్లల దగ్గరికే వెళ్ళి, ఇది చదివినప్పుడు నీకేం అర్థమైంది అని అడుగు. ఎక్కువమంది అక్కడిదాకా పోరు. నీ అప్లికేషన్‌లో మిగతావాళ్ళకు లేనిది ఇదే అవుతుంది.

ఆ పని చేసేటప్పుడు, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటింది కాబట్టి నా ప్రశ్నావళి మంచిది అని ఒక్క వాక్యం రాసి ముగించకు, దండం పెడతా. మన దగ్గర సైకాలజీ, ఎడ్యుకేషన్, మేనేజ్‌మెంట్ థీసిస్‌లు ఏవి తెరిచినా ఆ వాక్యం ఉంటుంది, తద్దినం పెట్టినట్టు పెడతారు. ప్రశ్నల సంఖ్య పెంచుకుంటూ పోతే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది, రెండు వేర్వేరు విషయాలు కలిపి కొలిచినా ఎక్కువే రావచ్చు, అది ఒకే విషయాన్ని కొలుస్తోందనడానికి సాక్ష్యం కాదు. అదే ఫార్ములా గట్‌మన్ 1945లోనే ఇచ్చాడు, క్రాన్‌బాక్ 1951 పేపర్‌తో దానికి పేరొచ్చింది. ఆ క్రాన్‌బాక్ పోయాక 2004లో అచ్చయిన వ్యాసంలో ఆయనే, ఇప్పుడు నా దృష్టిలో ఆల్ఫా అంత మంచి సాధనం కాదని చెప్పుకున్నాడు. మన గైడ్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఎక్కడికి అప్లై చేయాలి అంటే, సైకాలజీ విభాగాల్లో నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ ఉంది, థర్‌స్టన్ 1952లో షికాగో నుంచి అక్కడికి వెళ్ళి పెట్టిన సైకోమెట్రిక్ ల్యాబ్ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇలినాయ్ అర్బానా-షాంపేన్, ఒహాయో స్టేట్, నోటర్ డామ్, అరిజోనా స్టేట్, న్యూయార్క్‌లో ఫోర్డ్‌హామ్ ఇట్లాంటివి మరికొన్ని. నీలాంటివాళ్ళు మరచిపోయేది ఎడ్యుకేషన్ కాలేజీల వైపు. అయోవా, మిన్నెసోటా, మసాచుసెట్స్ అమ్హర్స్ట్ లాంటి చోట్ల ఎడ్యుకేషనల్ మెజర్‌మెంట్ పేరుతో ఇదే చదువు ఉంది, పరీక్షలు తయారుచేసే సంస్థలతో సంబంధాలు వాళ్ళకు ఎక్కువ. ఈఏపీసెట్ ప్రశ్న నిన్ను లాగితే అటు, పీహెచ్‌క్యూ ప్రశ్న లాగితే ఇటు. ర్యాంకుల జాబితాలు పట్టుకుని తిరగకు. ప్రోగ్రాంలు చిన్నవి, ఒక్కో ఏడాది నలుగురైదుగురిని మించి తీసుకోని చోట్లు ఉన్నాయి, కాబట్టి నీ విషయం మీద పనిచేసే ప్రొఫెసర్ ఆ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా లేదా అన్నదే ముఖ్యం. సెప్టెంబర్, అక్టోబర్‌లో వాళ్ళకు చిన్న మెయిల్ రాయి, వాళ్ళ పేపర్ ఒకటి నిజంగా చదివి రాయి. గడువులు చాలావరకు డిసెంబర్ మొదటి సగంలో ఉంటాయి, ఫండింగ్ ఉన్న ఆఫర్లకు జవాబివ్వడానికి మామూలుగా ఏప్రిల్ 15 దాకా సమయం ఇస్తారు. జీఆర్ఈ ప్రవేశ పరీక్షను చాలా చోట్ల తీసేశారు లేదా ఐచ్ఛికం చేశారు, ఒక్కో పేజీ తెరిచి చూసుకో.

అమెరికా ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. 2025 ఫిబ్రవరిలో అక్కడి విద్యాశాఖ పరిశోధనా విభాగం కాంట్రాక్టులు పెద్ద ఎత్తున రద్దు చేశారు, ఆ ఏడాది పీహెచ్‌డీ సీట్లు తగ్గించుకున్న యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి, మెజర్‌మెంట్ వాళ్ళకు ఆ దెబ్బ నేరుగా తగిలింది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్, టిల్‌బర్గ్, బెల్జియంలో లూవెన్ ఈ రంగంలో గట్టివి. అక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, ఖాళీ ప్రకటన వేస్తారు, అప్లై చేస్తావు, ఇంటర్వ్యూ ఉంటుంది, జీతం ఇస్తారు, నెదర్లాండ్స్‌లో మామూలుగా నాలుగేళ్ళు. దానికి మాస్టర్స్ అయి ఉండాలి, నీకది ఎట్లాగూ అవుతోంది. ఏడాది పొడవునా ప్రకటనలు వస్తుంటాయి కాబట్టి డిసెంబర్ తప్పిపోతే ఏడాది వృథా అన్న బాధ కూడా లేదు.

ఇండియాలోనే చేస్తే చాలదా అన్నావు. చాలవచ్చు, కానీ దారి నువ్వే వేసుకోవాలి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌తో నువ్వు రాయాల్సింది సీఎస్ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. మన వైపు బతకడానికి అది అక్కడి స్టైపెండ్ కంటే హాయిగా సరిపోతుంది, నిజం చెప్పాలంటే. దాంతో స్టాటిస్టిక్స్ విభాగంలో చేరి లేటెంట్ వేరియబుల్ మోడల్స్ (నేరుగా కనిపించని గుణాలను అంచనా కట్టే లెక్కలు) మీద పని చేయొచ్చు, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది, అక్కడివాళ్ళను కో-గైడ్‌గా అడగొచ్చు. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సైకాలజీ రీసెర్చ్ యూనిట్ ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ కింద 2023లో పరఖ్ అని జాతీయ మూల్యాంకన సంస్థ పెట్టారు, బడిపిల్లలు ఎంత నేర్చుకున్నారో దేశమంతా కొలిచే సర్వే వాళ్ళదే, ఈ చదువు చదివినవాళ్ళ అవసరం అక్కడ పెరుగుతుందనే నా అంచనా. ఇబ్బంది ఏంటంటే, ఈ సబ్జెక్టులో నీతోపాటు కూర్చుని వాదించే పదిమంది ఒకే చోట దొరకరు. గైడ్‌కు ఇందులో పట్టు లేకపోతే నువ్వు అంతా యూట్యూబ్ చూసి నేర్చుకుని ఆయనకే చెప్పాల్సి వస్తుంది, ఐదేళ్ళు అట్లా నెట్టుకురావడం కష్టం. అందుకే నా సలహా, రెండు వైపులా ప్రయత్నించు, నెట్ చదివితే నీ ప్రాబబిలిటీ గట్టిపడుతుంది, అది ఎక్కడికి పోయినా పనికొస్తుంది. ఎవరైనా ‘దూరవిద్యలో సైకాలజీ ఎంఏ కట్టేయ్’ అంటే, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేర్చుకోవద్దని యూజీసీ ఆపేసింది. నీకు అది అక్కర్లేదు కూడా.

ఎస్ఓపీ (అప్లికేషన్‌తో పంపే, ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) రాసిపెడతామని వేలకు వేలు తీసుకునే కన్సల్టెన్సీల దగ్గరికి పోకు. ఒకే మూసలో పోసిన కథ, చిన్నప్పటి నుంచి మనసు అంటే ఆసక్తి అని మొదలవుతుంది, ఆ ప్రొఫెసర్లు అట్లాంటివి ఏటా వందలు చూస్తారు. నువ్వు నీ ప్రాజెక్టులో చూసిన పరీక్ష గురించి, అందులో ఒరిగి ఉన్న ఆ ఒక్క ప్రశ్న గురించి, ఆ పిల్లలు చెప్పిన మాట గురించి రాయి, ఇంగ్లీషు కాస్త అటూఇటూ ఉన్నా పరవాలేదు. రెండు మూడు వేలకు వారంలో పేపర్ వేసే పత్రికల్లో అచ్చు వేయించుకోకు, అది నీకు మైనస్. రికమండేషన్ లెటర్లు మూడు కావాలి, హెచ్‌ఓడీ అని పెద్ద హోదా చూసి అడగకు, నీ పని దగ్గరుండి చూసిన లెక్చరర్ రాసిన ముప్పై లైన్లు మేలు. మన దగ్గర ‘నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతా’ అంటారు, తెలుసు. అట్లా అంటే నీ ప్రాజెక్టు వివరాలు ఒక పేజీ రాసిచ్చి, సార్, మీ మాటల్లో రాయండి అని బతిమాలు, మూడూ ఒకే చేతి రాతలా ఉంటే అక్కడ ఇట్టే పట్టేస్తారు.

ఉద్యోగాల సంగతి. బయట పరీక్షల సంస్థలు, డాక్టర్లకూ నర్సులకూ లైసెన్సు పరీక్షలు పెట్టే బోర్డులు, సర్వే సంస్థలు, యూనివర్సిటీలు. టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ వైపు కూడా పోతుంటారు. సంఖ్యలో సాఫ్ట్‌వేర్ అంత ఉద్యోగాలు లేవు, పోటీ పడేవాళ్ళు కూడా అంతమంది లేరు. ఇక్కడికి తిరిగొచ్చి లెక్చరర్ పోస్టుకు అప్లై చేస్తే చిక్కు ఒకటి రావచ్చు, ముందే తెలుసుకో: స్టాటిస్టిక్స్ వాళ్ళు నీ పీహెచ్‌డీ సైకాలజీ కదా అంటారు, సైకాలజీ వాళ్ళు నీ పీజీ స్టాటిస్టిక్స్ కదా అంటారు. ప్రభుత్వ కాలేజీలో పోస్టు కొట్టడమే నీ అసలు కోరికైతే ఇక్కడే స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చెయ్.

మీ మామ చెప్పేది పూర్తిగా కొట్టిపారేయడం లేదు. రెండేళ్ళలో అయిపోతుంది, ఉద్యోగం దొరికితే జీతం పెద్దది. దొరక్కపోతే అప్పు మాత్రం రూపాయల్లో, వడ్డీతో ఉంటుంది, కట్టాల్సింది గుమాస్తా జీతంతో మీ నాయన. అప్పు ఆయన పేరు మీద, రిస్కు ఆయన తల మీద. మామను ఒకటి అడుగు, హామీ సంతకం ఆయన పెడతాడా అని. అమెరికా పీహెచ్‌డీలో ఇంకో వెసులుబాటు ఉంది, రెండేళ్ళు కోర్సులు, మాస్టర్స్ థీసిస్ అయ్యాక ఇది నాకు సరిపడదు అనిపిస్తే చాలా ప్రోగ్రాంల్లో మాస్టర్స్ డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు. అప్పటికి నీ మీద ఫీజు అప్పు ఉండదు, ఆర్, పైథాన్ వచ్చేసి ఉంటాయి, డేటా ఉద్యోగాలకు అప్పుడైనా పోవచ్చు. మామకు ఈ లెక్క చెప్పు.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలి? ఇప్పుడే. అడ్మిషన్ వచ్చాక ఆశ్చర్యపరుద్దాం అనే ఆలోచన సినిమాల్లో బాగుంటుంది, ఇంట్లో అది దాచిపెట్టినట్టే లెక్క. నాయనకు విడిగా చెప్పు, నలుగురు చుట్టాలున్నప్పుడు కాదు. ఫండింగ్ పూర్తిగా ఉంటే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో ఆ డబ్బు లెక్కంతా ఉంటుంది, వీసా కోసం ఆయన ఆస్తి కాగితాలు తిప్పాల్సిన పని రాదు, ఈ ఒక్క విషయం విన్నాక సగం మెత్తబడతాడు. పెళ్ళి విషయంలో నేను తీర్పు చెప్పను. కానీ సంబంధాలు చూడ్డం మొదలుపెడితే, ఐదేళ్ళు చదువు ఉంది, నెలనెలా నాకు స్టైపెండ్ వస్తుంది, మధ్యలో మానను అన్న మూడు మాటలు మొదటి రోజే అవతలివాళ్ళకు చెప్పించు. పెళ్ళయ్యాక చూద్దాంలే అని పెద్దవాళ్ళు సర్దిచెప్పబోతారు, అక్కడ తగ్గకు. పెళ్ళి చేసుకుని పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు అక్కడ బోలెడంత మంది ఉన్నారు.

చివరగా, ఈ నెలలోనే మొదలుపెట్టాల్సింది పాస్‌పోర్టు. టెన్త్ మెమోలో నీ ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఉండి ఉంటుంది, పాస్‌పోర్టులో అది పూర్తిగా విప్పి, ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు వేయించు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే అక్కడ ప్రతి కాగితంలోనూ నీ పేరు ఒక్కో రకంగా వస్తుంది. ఇంగ్లీషు పరీక్షకు అదే స్పెల్లింగ్‌తో రిజిస్టర్ చేసుకో. ట్రాన్స్‌స్క్రిప్ట్‌లకు ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో అర్జీ పెట్టడం ఫలితాలు రాగానే చేసెయ్, హాస్టల్ ఖాళీ చేసి ప్రొద్దుటూరు వచ్చేశాక దానికోసం మళ్ళీ అనంతపురం బస్సెక్కాలి. డిగ్రీవి కూడా కావాలి, అవి వేరే యూనివర్సిటీవైతే అక్కడా అడగాలి. నీ ప్రాజెక్టులో ఒక్కో ప్రశ్నకు ఐటం అనాలిసిస్ గ్రాఫులు వచ్చాక, ఏ ప్రశ్న దగ్గర తేడా కనిపించిందో నాకు రాయి, ఆ ప్రశ్న పూర్తి పాఠంతో సహా.